నెల పూజ అయిపోయిన తరువాత

మా విశాఖపట్నం కతోలిక విచారణల్లో, అంటే ఒక్కో గుడి కింద ఉండే విశ్వాసుల సమాజాల్లో, ఏ ఇంట్లోనైనా చావు జరిగితే మొదటి మూడు రోజులూ ఆ ఇంటికి దేనికీ లోటుండదు. కబురు అందిన గంటలోపే వీధిలో షామియానా లేస్తుంది, కుర్చీలూ ఐస్ బాక్సూ వస్తాయి, రాత్రంతా జపమాల చెప్పేవాళ్ళు కూర్చుంటారు, తెల్లవారేసరికి పక్కింటి హిందువుల పొయ్యి మీద వచ్చినవాళ్ళందరికీ టీ మరుగుతూ ఉంటుంది, శవపేటికకు భుజమివ్వడానికి కుర్రాళ్ళు ఒకరినొకరు తోసుకుంటారు. ఏడో రోజు పూజకు గుడి సగమైనా నిండుతుంది. నెల పూజకు దగ్గరి బంధువులు వస్తారు. ఆ పైన ఏడాది పూజ దాకా ఆ గడప తొక్కేది ఎవరు?

శ్రీసభలో, అంటే కతోలిక సంఘంలో, గృహస్థులమైన (ఫాదర్లమూ సిస్టర్లమూ కాని) మనం చేయవలసిన సేవకు అసలు చోటు నెల పూజకూ ఏడాది పూజకూ నడుమనున్న ఆ పదకొండు నెలలేనని నా వాదన. మనమేమో ఉన్న బలమంతా మొదటి మూడు రోజుల మీదా, క్రిస్మసుకు పంచే బియ్యం మీదా ఖర్చు పెట్టేసి చేతులు దులుపుకుంటున్నాం. భర్త పోయిన స్త్రీ విషయంలో ఈ లోపం కొంతైనా కంటికి కనిపిస్తుంది. భర్తతో విడిపోయిన స్త్రీ విషయంలో లోపమని కూడా తోచదు, ఎందుకంటే ఆ ఇంటి ముందు షామియానా ఎప్పుడూ లేవలేదు.

మృతులను సమాధి చేయడం కారుణ్యక్రియల్లో ఒకటని చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో అందరం వల్లె వేసినవాళ్ళమే. శరీర సంబంధమైన ఆ ఏడు క్రియల్లో ఆరు మత్తయి సువార్త 25వ అధ్యాయం నుంచి వచ్చాయి. ఏడవదానికి ఆధారం మన కతోలిక బైబులులో ఉన్న తోబీతు గ్రంథం. పెంతెకోస్తు పండుగనాడు భోజనానికి కూర్చున్న తోబీతు, సంత వీధిలో తనవాడొకడి శవం పడి ఉందని కొడుకు చెప్పగానే ముద్ద ముట్టకుండా లేచి వెళ్ళి, శవాన్ని తెచ్చి దాచి, పొద్దు గుంకాక గొయ్యి తవ్వి పాతిపెడతాడు. ఇరుగుపొరుగువాళ్ళు అతణ్ణి చూసి నవ్వుతారు. మన ప్రసంగాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. గ్రంథం ఆగదు. తోబీతుకు చూపు పోతుంది, భార్య అన్నా కూలికి నేత నేసి ఇల్లు గడపవలసి వస్తుంది, కూలితో పాటు ఎవరో ఇచ్చిన మేకపిల్లను గురించి ఆలుమగలు మాటా మాటా అనుకుంటారు. దూరదేశంలో ఒకరి దగ్గర దాచిన సొమ్మును తెచ్చుకోవడానికి కొడుకు తోబియా పత్రం పట్టుకుని బయలుదేరితే, దారి తెలిసిన తోడుగా వచ్చేవాడు రఫాయేలు దేవదూత. పెళ్ళాడిన ఏడుగురూ ఒకరి వెనుక ఒకరు చనిపోగా, పనికత్తెల చేత కూడా మాటలు పడిన సారా అనే స్త్రీ కథ కూడా ఆ గ్రంథంలోనే ఉంది. చావు, లేమి, చెదిరిన కాపురం, రావలసిన డబ్బు, దాని తాలూకు కాగితం అన్నీ ఒకే గ్రంథంలో కలిసి ఉన్నాయి. దేవదూత ఆ ఇంటికి చేసిన మొదటి ఉపకారం, బాకీ వసూలుకు తోడు వెళ్ళడం.

మనం ఆ మొదటి గొయ్యి దగ్గరే ఆగిపోవడానికి మన చరిత్రలోనే ఒక కారణం ఉందని నాకు అనిపిస్తుంది. ఆల్ప్స్ పర్వతాల దగ్గరి అనెసీ పట్టణం నుంచి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు (ఫాదర్లు) 1846లో విశాఖపట్నం చేరుకున్నారు. అదే ఊరి నుంచి పునీత జోసఫ్ సభ మఠకన్యలు 1849లో ఈ తీరానికి వచ్చారు. బడులు, అనాథాశ్రమాలు, వైద్యశాలలు అన్నీ వాళ్ళ చేతుల మీదుగానే లేచాయి. 1886లో ఇది మేత్రాసనమైంది (ఒక బిషప్పు కింది ప్రాంతం), 2001లో అగ్రపీఠమైంది (ఆర్చిబిషప్పు పీఠం). వాళ్ళు చేసిన మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో చదువుకున్న మొదటి స్త్రీ వాళ్ళ బడిలోనే చదువుకుంది. అయితే అన్ని తరాల పాటు సేవ అనేది తెల్లని అంగీ వేసుకున్నవాళ్ళు చేసేదిగా, మనం అందుకునేదిగా అలవాటు పడిపోయాం. ఇప్పటికీ ఎవరింట్లో కష్టం వచ్చినా మన నోట మొదట వచ్చే మాట "సిస్టర్ గారికి చెప్పారా?" అనే.

ప్రపంచంలోని కతోలిక బిషప్పులు సమావేశమైన ద్వితీయ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న గృహస్థుల ప్రేషిత సేవను గురించి ప్రత్యేకంగా ఒక శాసనపత్రాన్నే వెలువరించింది. గృహస్థులు చేసే సేవ జ్ఞానస్నానం నుంచీ, విశ్వాసాన్ని స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం నుంచీ వచ్చిన హక్కూ బాధ్యతా అని, గురువులకు తీరిక లేనప్పుడు చేసే బదులు పని కాదని అది స్పష్టం చేసింది. ఆ పత్రం ఎనిమిదవ అంశంలో ఉన్న ఒక మాటను మన గుడి గోడల మీద రాయించాలని నా కోరిక: న్యాయంగా చెందవలసినదాన్ని ముందు చెల్లించాలి, న్యాయంగా చెందవలసినదాన్నే దానంగా ఇచ్చినట్టు చూపకూడదు. బియ్యం సంచి చేతిలో పెట్టి ఫోటో తీసుకునే ముందు ఆ ఇంటికి హక్కుగా రావలసినది ఏమిటో అడిగామా లేదా అన్న పరీక్షను ఈ మాట మనకు పెడుతోంది.

దీన్ని ఒక ఇంటిని చూపించి చెప్పడం సులువు. జ్ఞానాపురం వైపు ఒక సందులో ఒంటిగది వాటా. ఒక కాంట్రాక్టరు కింద పనిచేసిన భర్త పోయి నాలుగు నెలలు కావస్తోంది. బీదల ఇళ్ళకు వెళ్ళే గృహస్థుల సంఘమైన మా సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ తరఫున ఇద్దరం వెళ్ళాం. తలుపు వెనుక మూడు సంఘాలు ఇచ్చిన మూడు బియ్యం సంచులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, అడుగుదానికి పురుగు పట్టింది. ఆమె గూట్లోంచి బట్టల షాపు ప్లాస్టిక్ కవరు ఒకటి తీసి చాప మీద బోర్లించింది: ఆధార్ జిరాక్సులు, నాలుగు మడతలు పడిన మరణ ధ్రువీకరణ పత్రం, పీఎఫ్ నంబరున్న జీతం చీటీ, బ్యాంకు పాసుబుక్కు. "బియ్యానికేటి బాబూ, ఉన్నాయి. ఆయన నంబరే ఆగిపోనాది" అంది. ఆమె ఆధార్‌కు జోడించి ఉన్నది భర్త ఫోను నంబరు. రీచార్జి లేక ఆ సిమ్ము ఆగిపోయింది. ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఆన్‌లైన్‌లో పీఎఫ్ క్లెయిము కదలదు. ఇంట్లో పెద్ద చదువు చదివినవాళ్ళు లేరు, నెట్ సెంటరువాడు ప్రతిసారీ ఏదో కొంత తీసుకుని "సర్వర్ లేదమ్మా" అని పంపించేస్తున్నాడు.

ఆమెకు కావలసింది ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్ళి వేలిముద్రలిచ్చి సొంత నంబరు ఎక్కించుకోవడం, అందుకు తోడు వచ్చే మనిషి. ఆ తరువాత వరుసలో ఇంకా చాలా ఉన్నాయి. పీఎఫ్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే దాచిన సొమ్ముతో పాటు, దానికి అనుబంధంగా ఉన్న బీమా పథకం కింద గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు కుటుంబానికి రావచ్చు. భార్యకూ పిల్లలకూ నెలనెలా పింఛను ఉంటుంది. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 436 రూపాయలు కోత పడుతూ ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కింద 2 లక్షలు వస్తాయి, ఆ కోత ఎందుకు పడుతోందో చాలా ఇళ్ళల్లో బతికున్నవాళ్ళకు తెలియదు. వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసుకుంటే వితంతు పింఛను ఉంది, 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించకపోతే ఆలస్య రుసుము దగ్గర మొదలై, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. ఇవన్నీ చదవడానికి నీరసంగా ఉన్నాయని తెలుసు. భర్తను మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి అవి ఇంకెంత నీరసంగా ఉంటాయో ఆలోచించండి.

మనవాళ్ళకు మాత్రమే ఉండే చిక్కు ఒకటి ఉంది. గుడి రిజిస్టరులో పీటర్, ఆధార్ కార్డులో అప్పలరాజు. పెళ్ళి గుడిలో జరిగింది గనుక పెళ్ళి పత్రం మీద పీటరే ఉంటాడు, పీఎఫ్‌లో ఉన్నది అప్పలరాజు. ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేయడానికి అఫిడవిట్టు కావాలి, జ్ఞానస్నాన రిజిస్టరు నకలు కావాలి, కొన్నిచోట్ల ఆఫీసరు ముందు నిలబడి ఓపికగా చెప్పగలిగిన ఒక గొంతు కావాలి. ఈ పని కోసం ఫాదర్ గారిని పిలవనక్కరలేదు. ఊరి కార్యాలయాల మధ్య బతికే గృహస్థుడే దీన్ని ఎక్కువ చక్కగా చేయగలడు.

సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ మొదలే ఇలాంటి ఇళ్ళల్లో మొదలైంది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజానమ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి మరికొందరు స్నేహితులతో కలిసి దీన్ని ప్రారంభించాడు. అంతకు ముందరి ఏడాదే ఆ నగరాన్ని కలరా ఊడ్చేసింది. చర్చాగోష్ఠుల్లో మతాన్ని సమర్థిస్తూ మాట్లాడే ఈ కుర్రాళ్ళను, మాటలు సరే మీరిప్పుడు బీదలకు చేస్తున్నదేమిటని తోటివాళ్ళు నిలదీశారు. వాళ్ళకు బీదల ఇళ్ళ దారి చూపించిన మనిషి రోజలీ రాండ్యూ అనే మఠకన్య. ఏ వీధిలో ఏ ఇల్లో, ఎవరికి రొట్టె చీటీ ఇవ్వాలో, ఎవరి దగ్గర ఊరికే కూర్చోవాలో ఆమె నేర్పింది. ఓజానమ్ 1853లో నలభై ఏళ్ళకే పోయాడు. 1997లో ఆయనను ధన్యుడిగా, 2003లో ఆమెను ధన్యురాలిగా శ్రీసభ ప్రకటించింది. ఈ సంఘానికి అప్పటినుంచీ ఉన్న పద్ధతులు కొన్నే: ఇద్దరిద్దరుగా ఇంటికే వెళ్ళడం, వారం వారం కలుసుకుని ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకుండా సంచి తిప్పడం, చూసిన ఇంటి గుట్టు బయట పెట్టకపోవడం. ఈ మూడవదానికి వాట్సాప్ గ్రూపుల కాలంలో గండి పడింది. సరుకుల సంచి అందుకుంటూ తల వంచుకున్న స్త్రీ ఫోటో విచారణ గ్రూపులోకి వెళితే, ఆదివారం ఆమె పిల్లవాడు జ్ఞానోపదేశం తరగతిలో కూర్చునేది ఆ ఫోటో చూసిన పిల్లల పక్కనే.

డబ్లిన్‌లో 1921 సెప్టెంబరు 7న లీజియన్ ఆఫ్ మేరీని స్థాపించిన ఫ్రాంక్ డఫ్ కూడా ముందు ఈ విన్సెంట్ డి పాల్ సంఘంలోనే పనిచేసినవాడు. ఆయన తన సంఘానికి పెట్టిన నియమం విచిత్రంగా ఉంటుంది: సభ్యులు ఇళ్ళకు వెళ్ళాలి కానీ డబ్బు గానీ వస్తువులు గానీ ఇవ్వకూడదు. మొదట్లో ఇది నాకు పిసినారితనంగా తోచేది. చేతిలో ఏమీ లేకుండా వెళ్ళేవాడు ఆ ఇంట్లో కాసేపు కూర్చోక తప్పదు, మాట వినక తప్పదు, మళ్ళీ వస్తానని చెప్పి లేవక తప్పదు. సంచి తీసుకెళ్ళినవాడికి సంచి దించగానే పని అయిపోతుంది. రెండు సంఘాలూ ఒకే విచారణలో ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకోని చోట్లు మన ఊళ్ళో చాలానే ఉన్నాయి.

ఆ కూర్చోవడంలో ఏం మాట్లాడాలన్నది వేరే సంగతి. మనవాళ్ళు ఎక్కువగా చెప్పేది "దేవుని చిత్తం అమ్మా, ఏడవకూడదు" అని. లాజరు సమాధి దగ్గర, మరికాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీరు పెట్టాడు. "నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సోదరుడు చనిపోయేవాడు కాదు" అని మార్తా నిష్ఠూరమాడితే ఆమెను కసరలేదు. మార్తాకు ఇచ్చిన ఆ చనువును మన వితంతువులకు మనమెందుకు ఇవ్వలేకపోతున్నామో నాకు అర్థం కాదు. దుఃఖం కుంగుబాటుగా మారి తిండీ నిద్రా మానేసిన మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి, ప్రార్థనతో సరిపెట్టకూడదు. భార్య పోయిన మగవాళ్ళ సంగతి మరీ అన్యాయం: వాళ్ళకు ఓదార్పు అవసరమని ఎవరికీ తోచదు, రెండో నెలకల్లా మందుకు అలవాటు పడతారు, పిల్లలు హాస్టలుకు వెళ్ళిపోతారు.

విడిపోయినవాళ్ళ విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ మాటలన్నీ రాయడానికి నన్ను పురిగొల్పింది ఆ విషయమే. ఒక గుడిలో ఒకామె ప్రతి ఆదివారం ద్వారం పక్కనున్న చివరి బెంచీలో కూర్చుని, సత్ప్రసాదానికి (పూజలో అందుకునే పవిత్ర అప్పానికి) వరుస కదలగానే లేచి బయటికి వెళ్ళిపోయేది. కొట్టే భర్త దగ్గరి నుంచి పిల్లతో పుట్టింటికి వచ్చేసిన మనిషి, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. విడిపోయినవాళ్ళు సత్ప్రసాదం తీసుకోకూడదని ఎవరో పెద్దావిడ ఆమెకు చెప్పింది. శ్రీసభ ఎన్నడూ ఆ మాట అనలేదు. విడిపోయినందువల్ల మాత్రమే, విడాకులు తీసుకున్నందువల్ల మాత్రమే ఎవరికీ దివ్యసంస్కారాలు దూరం కావు. అలాంటివాళ్ళకు సమాజం మునుపటికన్నా ఎక్కువ అండగా నిలవాలని రెండవ జాన్‌పాల్ పోపు 1981లోనే రాశారు. వాళ్ళు తమ జీవితానికి బలమిచ్చే ఆహారాన్ని సత్ప్రసాదంలో పొందేలా ప్రోత్సహించాలని 2016లో ఫ్రాన్సిస్ పోపు రాశారు. శ్రీసభ ధర్మశాస్త్రం 1153వ నిబంధన అయితే, భర్త గానీ భార్య గానీ రెండోవారికి గానీ పిల్లలకు గానీ తీవ్రమైన ప్రమాదం కలిగిస్తుంటే వేరుగా ఉండడానికి అది న్యాయమైన కారణమని, ఆలస్యం చేస్తే ప్రమాదమన్నప్పుడు పై అనుమతి కోసం ఆగనవసరం లేదని చెబుతోంది. ఆ పెద్దావిడ చదివింది ఏ శాస్త్రమో మరి.

వీళ్ళను చేరదీస్తే విడాకులను ప్రోత్సహించినట్టు అవుతుందని, పిల్లలకు తప్పు సంకేతం వెళుతుందని మా సమావేశాల్లో పెద్దలు అంటూ ఉంటారు. వివాహ బంధం విడదీయరానిదన్న విశ్వాసం నాకూ ఉంది గనుక ఈ అభ్యంతరాన్ని తోసిపారేయను. కానీ ఆ మనిషి పిల్లతో రాత్రిపూట ఇల్లు వదిలి వచ్చేసిన తరువాత మనం పలకరించినా పలకరించకపోయినా కాపురం చెదిరింది చెదిరిందే; మన మౌనం వల్ల ఆ బంధం ఒక్క పోగు కూడా గట్టిపడదు. రెండవ పెళ్ళి చేసుకున్నవాళ్ళ సత్ప్రసాదం సంగతి వాళ్ళకూ వాళ్ళ గురువుకూ మధ్య తేలవలసినది, మనం తీర్పరులం కాము. వాళ్ళు కూడా శ్రీసభ నుంచి బహిష్కృతులు కారని ఆ 2016 పత్రమే చెబుతోంది. మనవల్ల కాకూడని పని ఇంకొకటి ఉంది: పంచాయితీ. దెబ్బలు తిని వచ్చిన మనిషిని నలుగురి మధ్య కూర్చోబెట్టి "సర్దుకుపోవాలమ్మా" అని మళ్ళీ ఆ ఇంటికే దింపి వచ్చే సయోధ్య సేవ మన సంఘాల్లో ఇంకా నడుస్తోంది. దాన్ని సేవ అనడానికి నేను ఒప్పుకోను.

చేయవలసినవి వేరే ఉన్నాయి. క్రైస్తవుల విడాకులకు ఇప్పటికీ 1869 నాటి చట్టమే ఆధారం. 2001లో దాన్ని సవరించేదాకా భర్తకు వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు, భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, విడిచిపెట్టడమో, మరొకటో కూడా రుజువు చేయవలసి వచ్చేది. ఆ సవరణతోనే పరస్పర అంగీకారంతో విడాకులు పొందే వీలు వచ్చింది. వివాహం చెల్లదని శ్రీసభ న్యాయస్థానం తీర్పు ఇచ్చినంత మాత్రాన సివిల్ కోర్టు ముందు అది విడాకులు కాదని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. కోర్టు విడాకులతో గుడి వివాహం రద్దు కాదన్నది మనకు తెలిసిందే. రెండు దారులూ వేరన్న ఈ ఒక్క సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఎటూ కాకుండా మిగిలిపోయిన కుటుంబాలు ఉన్నాయి. శ్రీసభ న్యాయస్థానంలో పూర్వం రెండు తీర్పులు ఒకే విధంగా రావలసి ఉండేది. 2015లో ఫ్రాన్సిస్ పోపు దాన్ని మార్చి, అప్పీలు లేకపోతే ఒక్క తీర్పే చాలన్నారు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 2005 నాటి గృహహింస చట్టానికి మతంతో పనిలేదు. 181కి ఫోను చేయవచ్చని చెప్పడానికి వేదాంతం చదవనవసరం లేదు.

బీదలకని, వితంతువులకని, విడిపోయినవాళ్ళకని మనం మూడు జాబితాలు రాసుకుంటాం. ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు మాత్రం తరచూ మూడూ ఒకే ఇంటి పేరుతో ఎదురవుతాయి. తాగుడు వల్ల విడిపోయిన భర్త అలాగే ఒకనాడు చనిపోతాడు, అంత్యక్రియల దగ్గర ఆమె ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పరు, కాగితాల మీద ఇంకా భార్యే గనుక రావలసిన సొమ్ము కోసం అత్తింటివాళ్ళతో తగువు మొదలవుతుంది. ఆమె ఏ జాబితాలోకి వస్తుందని మా కాన్ఫరెన్సులో (విన్సెంట్ డి పాల్ సొసైటీ స్థానిక శాఖలో) ఒకసారి చాలాసేపు చర్చ జరిగింది. ఆ చర్చ జరిగిన సమయంలో ఇద్దరు లేచి ఆమె ఇంటికి వెళ్ళి రావచ్చు.

డబ్బు లేదన్నది అందరూ చెప్పే కారణం. పైన చెప్పినవాటిలో ఎక్కువ వాటికి కావలసింది ఆటో ఖర్చూ, ఒక పూట తీరికా. ఈ ఊళ్ళో స్టీల్‌ప్లాంటులో, పోర్టులో, రైల్వేలో, బ్యాంకుల్లో, ఎల్ఐసీలో ముప్ఫై ఏళ్ళు ఇవే ఫారాలు నింపి, ఇవే ఫైళ్ళు కదిపి పదవీ విరమణ చేసినవాళ్ళు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వాళ్ళకు మనమిచ్చిన పని ఆదివారం మొదటి పఠనం చదవడం, పండుగనాడు పార్కింగు చూడడం. వీళ్ళలో ఒకరినీ, ఇళ్ళల్లో మాట్లాడడం చేతనైన ఒక స్త్రీనీ జంటగా కలిపి, ఒక్కొక్క జంటకు రెండు మూడు ఇళ్ళు ఏడాది పాటు అప్పగించాలని నా ప్రతిపాదన. ఒంటరి స్త్రీల ఇళ్ళకు మగవాళ్ళు ఒక్కరుగా వెళ్ళకూడదన్న జాగ్రత్త అందులోనే ఉంది. వాళ్ళు వెళ్ళే ఇంటివాళ్ళు కతోలికులే కావాలన్న షరతు పెట్టవద్దు, ఆ తెల్లవారుజామున టీ కాచినవాళ్ళు మనల్ని ఏ షరతూ అడగలేదు. ఫాదర్ గారి సంతకం అవసరమయ్యేది గుడి రిజిస్టరు నకళ్ళ మీద; సచివాలయం ముందూ, ఆధార్ కేంద్రం ముందూ, కోర్టు వరండాలోనూ నిలబడడానికి మనం చాలు.